రీలు టేపుకూ ఆయుష్షుంది!

ముప్కాల్: అటకపై ఉన్న రీలు టేపులో తాతగారి కంఠం భద్రంగా ఉందని నిశ్చింతగా ఉంటే, ఒకనాటికి అది మూగబోవచ్చు. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో విలీనమైంది. తరువాత దశాబ్దాలపాటు నాటకాలు, జానపద గేయాలు పావు అంగుళం టేపులపైనే నిలిచాయి.

చెడేది జిగురే

ప్లాస్టిక్ పట్టీపై ఐరన్ ఆక్సైడు పొడిని జిగురుతో అంటిస్తారు. శబ్దం అయస్కాంత రూపంలో ఆ పొడిలో ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ జిగురు గాలిలోని తేమను పీల్చి జిగటగా మారుతుంది. అప్పుడు టేపును ఆడిస్తే హెడ్‌కు అంటుకుని, పొడి రాలి, శబ్దమూ పోతుంది. 1970, 80 దశకాల నాటి కొన్ని రకాలకు ఈ బెడద అధికం. అంతకుముందటి అసిటేట్ టేపులు వెనిగర్ వాసన వేస్తూ పెళుసుబారుతాయి.

ఇలా కాపాడుకోవాలి

* శ్రీరాంసాగర్ పరిసర గ్రామాలవారు వానాకాలపు చెమ్మ తగలనీయరాదు. రీళ్లను చల్లని, పొడి చోట నిలువుగా ఉంచాలి.
* స్పీకర్లు, మోటార్లకు దూరంగా పెట్టాలి.
* జిగటగా ఉన్న టేపును ఆడించరాదు. నిపుణులు సుమారు 50 డిగ్రీల నియంత్రిత వేడిలో గంటల తరబడి ఉంచి తాత్కాలికంగా బాగుచేస్తారు. ఆలోగా డిజిటల్ ప్రతి తీయించాలి. అసిటేట్ టేపుకు ఈ పద్ధతి పనికిరాదు.

ఆడించే యంత్రాలు, విడిభాగాలు సైతం అరుదయ్యాయి. కనుక జాప్యం తగదు.