నురుగుకు నూరేండ్లేల?

కుంకుడుకాయలు చితుకగొట్టి, వేడినీట నానవేసి, చేతితో పిసికి చిలికినప్పుడు గిన్నె యంచు దాటి పొంగు నురుగును చూచి తలంటికి కూర్చున్న పిల్లవాడు మురిసిపోవును. ఆ గిన్నెను మూలబెట్టి మరచిపోయినను, చాలసేపటి పిమ్మటగూడ దానిపై నురుగు తెట్టెగట్టియే యుండును. తలంటికి అది గుణమే. కాని రాతిపొడినుండి లోహఖనిజమును వేరుచేయు గని కర్మాగారములలో అంతటి చిరంజీవియైన నురుగు తెచ్చిపెట్టు చిక్కు లిన్నియన్ని కావు.

రాగిరాతిలో రాగి నూటికి ఒక పాలుండుటయే గొప్ప. ఆ రాతిని పిండివలె నూరి, నీటితో కలిపి, సెల్లులు అను పెద్ద తొట్లలోనికి పంపి, లోపల తిరుగు మరచక్రముచేత కలియబెట్టుచు గాలి నూదుదురు. ముందుగా కలిపిన జాంథేటు అను ద్రవ్యము అంటుకొనిన ఖనిజరేణువు నీటిని రోసి గాలిబుడగను కరచుకొని పైకి లేచును. ఇసుకరేణువు తడిసి క్రిందనే నిలిచిపోవును. దీనినే ఫ్లొటేషన్ అందురు. అయితే ఉత్తనీట నూదిన గాలి పెనుబుడగలై, ఒకదానిలో నొకటి కలిసిపోయి, పైకి రాగానే చిట్లి, మోసికొనివచ్చిన బరువును మరల నీటిపాలు చేయును. ఆ కలయికను ఆపుటకే ఫ్రోతరు అను నురుగుమందు కావలసివచ్చినది. దాని యణువు ఒక కొనతో నీటిని పట్టుకొని, రెండవ కొనను గాలివైపు చాచి, బుడగ చుట్టును సన్నని పొరగా నిలుచును; అప్పుడు బుడగలు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పరిమాణమున వేరువేరుగా బ్రదుకును. వాడుకలో ఎంఐబీసీ యనబడు ఆల్కహాలైనచో లీటరు నీటికి సుమారు 10 మిల్లీగ్రాములతోనే ఈ పని ముగియును. అంతకుమించి పోసినను బుడగ యిక చిన్నది కాదు, నురుగు మాత్రము పెరుగును.

ఈ విద్య చాలవరకు ఆస్ట్రేలియా యెడారిలోని బ్రోకెన్ హిల్ గనులయొద్ద రాటుతేరినది. అచ్చట సీసము తీసిన పిదప జింకుతోగూడిన పొడి గుట్టలు గుట్టలుగా పడియుండెను. 1905లో సల్మన్, పికార్డ్, బాలట్ అనువారు ఖనిజమును పట్టుటకు కలుపు నూనెను నూటికొక పాలుకంటెను తక్కువకు దించి, గాలిబుడగలకే మోతపని అప్పగించిరి. ఆ దేశములో సులభముగా దొరకు యూకలిప్టసు తైలమే అచ్చట నురుగుమందుగా కుదురుట నాకు ముచ్చటగా తోచును. జలుబుకు ముక్కున రాచుకొను సరుకు, జింకును తేల్చిపెట్టినది! జాంథేటులు 1925లో వచ్చినవి. అంతవరకు పట్టుకొను పనిని గూడ చాలచోట్ల నూనెలే మోయుచుండెను.

నేడు అంగడిలోనున్న మందులలో పైన్ ఆయిల్ పాతకాపు. కర్పూరపు వాసనతో, కొంచెము పట్టుకొను గుణముతో, దట్టమైన నురుగునిచ్చును. ఎంఐబీసీ నురుగు పెళుసుది, నీటిని త్వరగా జార్చి, తొట్టియంచు దాటగానే చచ్చును. కాని మందే నిప్పంటుకొను స్వభావముగలది, ఆవిరియై పోవుచుండును గనుక నిలువ చేయుటలో జాగ్రత్త కావలెను. గ్లైకాల్ జాతివి బలిష్ఠములు. ముతక రేణువులను, బరువైనవానిని గట్టిగా మోయగలవు. మన అగ్నిగుండాల అను ఊరి ప్రాంతమున దొరకు గలీనా వంటి సీసపు ఖనిజము నీటికంటె ఏడున్నర రెట్లు బరువు. దాని ముతకరేణువును పెళుసు బుడగమీద నెక్కించి లాభమేమి? కాని బలిష్ఠమైన నురుగు తనతో నీటిని గూడ ఎక్కువగా లాగును, ఆ నీటివెంట మెత్తని మట్టియు పైకి వచ్చి సరుకును మలినము చేయును. ఒకచేత నిచ్చునది మరియొకచేత లాగికొనును. నీటి సంగతియు చూడవలెను: సముద్రజలమువంటి ఉప్పునీటిలో లవణములే బుడగల కలయికను ఆపును గనుక మందు తక్కువ చాలును; సున్నము వేసిన క్షారజలములో క్రెసిలిక్ ఆమ్లమను నురుగుమందు మారిపోవును, ఆల్కహాలుకు అంత మార్పులేదు.

ప్రయోగశాలలో పొడవైన గాజుగొట్టమున నీరును రెండు చుక్కల మందును పోసి, మూత బిగించి, పది మారులు కుదిపి, గడియారము చేతబట్టి నురుగు దిగుటకు పట్టు సెకనులు లెక్కించుట నేను చూచితిని. ముచ్చటైన పరీక్షయే, కాని దానినే నమ్మిన వాడు మోసపోవును, ఏలయన ఖనిజరేణువులు కవచమువలె తొడుగుకొనిన బుడగ ఉత్తనీటి బుడగకంటె ఎంతో గట్టిది. అందుచేతనే అనుభవజ్ఞుడైన పనివాడు సెల్లు దగ్గర నిలిచి, అరచేతిని నురుగులో ముంచి తీసి, వ్రేళ్లసందుల మెరయు పొడియెంత, జిగటయెంత యని చూచుకొనును.

ఒక కర్మాగారములో ఒకనాటి రాత్రి, నురుగు పలుచనైనదని పైన్ ఆయిల్ కొళాయిని ఒక చుట్టు వదలిరి. సాధారణముగా టన్ను రాతికి 10 నుండి 50 గ్రాముల మోతాదు. తెల్లవారునప్పటికి నురుగు తన్ను పట్టు దోనెను దాటి, నడవ మెట్లమీదికి పాకి, సరుకు పేరుకొనవలసిన థిక్నరు తొట్టిమీద మోకాలిలోతున బూడిదరంగు దుప్పటివలె పరచుకొనియుండెను. పంపులు గాలి మ్రింగి మొరాయించినవి. కొళాయి కట్టి, గొట్టములతో నీరు చిమ్మిరి; నురుగు అణగినట్లే అణగి మరల లేచెను. థిక్నరునుండి తేరిన నీటినే మిల్లుకు తిరిగి వాడుచుండుటచే, రాత్రి పోసిన మందు ఆ నీటివెంటనే చుట్టు తిరిగి వచ్చి, మరునాటి సాయంకాలముదాక ఆ దుప్పటిని విడువలేదు.