హాస్టలుకు పోయిన పిల్లల ఇంటి బెంగ

మన పిల్లలు చేనేత చదువుకై ఊరు విడిచి వెళ్ళుట కొత్త కాదు. సేలంలో కేంద్ర ప్రభుత్వ చేనేత సాంకేతిక విద్యాసంస్థ 1960లో ఆరంభమైనది. వెంకటగిరిలోను, ఒడిశాలోని బర్గఢ్‌లోను అటువంటి విద్యాలయములు ఉన్నవి. పదవ తరగతి ముగించి మూడేండ్ల డిప్లమాకు పోవు పిల్లలకు పదహారేండ్లు ఉండును. సీటు వచ్చినదని మిఠాయి పంచుతాము. పదిరోజులకే "నాయనా, వచ్చి తీసుకుపో" అని ఫోను! తల్లి అన్నం మానును. తండ్రి రైలు ఛార్జీకి అప్పు వెదకును. సంఘం ఆఫీసులో మేము ఏటేటా చూచునదే ఇది.

బెంగ రోగం కాదు. మొదటి వారములలో ఎక్కువగా ఉండి, స్నేహితులు కుదిరిన కొలది తగ్గును. అయితే నేతగాని బిడ్డ బెంగ కొంత వేరు. పుట్టినది మొదలు మగ్గపు చప్పుడులో నిద్రపోయినవారికి హాస్టలు గదిలో నిశ్శబ్దమే నిద్ర పట్టనీయదు. ఇంకొకటి వారు బయటకు చెప్పరు: తాను వచ్చేసిన తరువాత కండెలు ఎవరు చుట్టుచున్నారు? అమ్మ ఒక్కతేనా? "ఇక్కడ కూర బాగుండదు" అను మాట వెనుక తరచు ఈ దిగులే ఉండును. కనుక "నీవు లేక పని సాగుట లేదురా" అని ప్రేమకైనా అనకండి. కండెలకు పిన్నమ్మ వచ్చుచున్నదని, మొన్ననే కొత్త పడుగు ఎక్కించితిమని చెప్పండి. నూలు ధర, బాకీల సంగతులు సెలవులలో మాట్లాడుకొనవచ్చును.

"నచ్చకపోతే వచ్చేయి" అని సాగనంపుట మాకు సమ్మతం కాదు. ఆ మాట విన్న పిల్లవాడు నచ్చకపోవుటకే కారణములు వెదకును. దానికి బదులు దసరాకు ఫలానా తేదీన తీసుకువత్తుమని చెప్పి, ఆ తేదీ తప్పకండి. పడుకొను వేళ ఫోను చేయకండి, బెంగ ముదిరేది అప్పుడే. వేసవిలోనే మేనమామ ఇంట వారం ఉంచి, బట్టలు ఉతుకుకొనుట నేర్పినచో సగం భారం తీరును. పెట్టెలో కారప్పొడి డబ్బా, అమ్మ పాతచీరతో కుట్టిన బొంత పెట్టండి.

షోలాపురం, భీవండి పిల్లలకు భాష చిక్కు కూడ ఉన్నది. ఇంట తెలుగు, బడిలో మరాఠీ. వెంకటగిరిలో వారి యాసకు నవ్వువారు ఉందురు. సేలంలో చుట్టూ తమిళం. ఈ సంగతి ముందే చెప్పి పంపండి.

అన్ని ఏడుపులూ బెంగ కావు. నెల దాటినా తినకపోయినా, నిద్ర లేకపోయినా, కొట్టుచున్నారని, ర్యాగింగని ఒక్క మాట వినపడినా, చచ్చిపోతానన్నా "ఓర్చుకో" అనవద్దు. వెంటనే వార్డెనుకు ఫోను చేసి, ఆ రాత్రే బయలుదేరండి. పద్దెనిమిదేండ్ల లోపు పిల్లల సహాయమునకు 1098 నెంబరు ఉన్నది, ఖర్చు లేదు. ఛార్జీకి డబ్బు లేనివారు మొగమాటపడక సంఘం ఆఫీసుకు రండి.