పాత మోటారు సైకిలు ఇంజను మిస్సు కొట్టునప్పుడు

మన గ్రామములలో పాత బుల్లెట్టు మోటారు సైకిళ్ళు ఇంకను తిరుగుచునే యున్నవి. 1955లో మద్రాసులో నెలకొల్పబడిన ఎన్‌ఫీల్డ్ కంపెనీ వారి ఆ పోత ఇనుప సిలిండరు ఇంజను ఇప్పుడు తయారగుట లేదు. అయినను పాల క్యానులు మోయుటకు, గట్ల వెంట పొలమునకు పోవుటకు దానిని విడువని రైతులు పెక్కుమంది కలరు. ఇట్టి బండి సమముగా మ్రోగుట మాని మధ్య మధ్య దెబ్బ తప్పుచు, సైలెన్సరులో టపాకాయవలె పేలుచు నడచినచో వెంటనే పట్నమునకు తోలుకొని పోవుదురు. అక్కడ తరచు వినవచ్చు సలహా ఒక్కటే: సిలిండరు రీబోరు చేయించి కొత్త పిస్టను వేయించుడని. కాని ఇంజను విప్పుట కడపట చేయవలసిన పని. అంతకు ముందు మీ ఇంటి ముంగిటనే ప్లగ్గు పానాతోను, ఒక ఫీలరు గేజితోను చేసికొనదగిన పరీక్షలు కలవు.

ఈ ఇంజనులో పిస్టను నాలుగుసార్లు కదలినపుడు, అనగా ఇరుసు రెండు చుట్లు తిరిగినపుడు, ఒక్కసారి మాత్రమే పెట్రోలు మండి బలము వచ్చును. అందుకు మూడు కావలెను: తగు పాళ్ళలో గాలి పెట్రోలు కలిసిన మిశ్రమము, దానిని గట్టిగా అదుముట, సరియైన క్షణమున నిప్పురవ్వ. ఈ మూడింటిలో ఏది లోపించినను దెబ్బ తప్పును. ఉన్నది ఒకే సిలిండరు గనుక ఆ లోపమును కప్పిపుచ్చుటకు ప్రక్కన మరియొకటి లేదు.

చేయి పెట్టక పూర్వము, ఎప్పుడు మిస్సు కొట్టుచున్నదో గమనింపుడు. నిలిపి యుంచినపుడు మాత్రమే తడబడి, వేగము హెచ్చించగానే సర్దుకొన్నచో కార్బొరేటరులోని చిన్న జెట్టు పూడి యుండవచ్చును. బరువుతో మిట్ట ఎక్కునప్పుడు మాత్రమే తప్పిన, నిప్పురవ్వ బలహీనమని అనుమానింపవచ్చును. కొంత దూరము బాగుగా నడచి ఆగిపోయి, ట్యాంకు మూత తీసి పెట్టగానే మరల నడచినచో మూతలోని గాలి రంధ్రము మూసికొన్నదన్నమాట. ఒక పిన్నీసుతో తీరు ఆ లోపమునకై కార్బొరేటరంతయు విప్పుట కలదు!

తరువాత ప్లగ్గు తీసి చూడుడు. మొన గోధుమ రంగుగా నుండిన మండుట సరిగా జరుగుచున్నది. పొడి మసి పట్టిన పెట్రోలు హెచ్చైనది, లేదా నిప్పురవ్వ చాలుట లేదు. నల్లగా, నూనెతో తడిసి యుండిన ఇంజను ఆయిలు లోనికి వచ్చుచున్నది. సున్నమువలె తెల్లబడిన గాలి హెచ్చు, పెట్రోలు తక్కువ. ప్లగ్గును శుభ్రపరచి సందు 0.45 నుండి 0.50 మిల్లీమీటర్లకు సరిచేసి, దాని లోహపు భాగమును సిలిండరు రెక్కలకు ఆనించి కిక్కు కొట్టించిన నీలి రవ్వ చిటపటలాడుచు దూకవలెను. ఈ పరీక్ష ఆరుబయట, ప్లగ్గు రంధ్రమునకు దూరముగా చేయవలెను. దరిదాపుల బీడీ కాల్చరాదు.

రవ్వ పసుపు పచ్చగా, పలుచగా నుండిన పాయింట్లను చూడవలెను. నా అభిప్రాయములో పాయింట్లు గల పాత బండ్లలో ముందుగా అనుమానింపవలసినది ఇక్కడనే. పాయింట్లు పూర్తిగా విడిపడినపుడు వాని మధ్య సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు ఉండవలెను. కీ తిప్పి ఇంజనును కిక్కుతో మెల్లగా త్రిప్పుచు హెడ్‌లైటు మీది ఆంపియరు మీటరును చూడుడు. పాయింట్లు కలిసినపుడు ముల్లు ఒక ప్రక్కకు వాలి, విడిపోయినపుడు నడిమికి రావలెను. అసలు కదలనిచో పాయింట్లకు మురికి పట్టినది, లేదా కాయిలుకు కరెంటు అందుట లేదు. ఇంజను నడచునపుడు పాయింట్ల మధ్య పెద్ద మెరుపులు వచ్చుచు అవి త్వరగా కాలిపోవుచుండిన కండెన్సరును మార్చవలెను. బ్యాటరీ నీరసించినను ఇవే చిక్కులు కలుగును.

ఇక పెట్రోలు సంగతి. "ఇథనాలు కలిపినప్పటి నుండియే మా బండి చెడినది" అను మాట ఇప్పుడు ప్రతి ఊరను వినవచ్చుచున్నది. 2025 నాటికి పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుపుట దేశమంతట వ్యాపించినది. చెరకు నుండియు, జొన్న, మొక్కజొన్న, బియ్యము వంటి ధాన్యము నుండియు వచ్చు ఈ పదార్థము రైతునకు పరాయిది కాదు. దానిలోనే ఆక్సిజను ఉండుటచే పాత కార్బొరేటరులో మిశ్రమము కొంత పలుచబడును. అది తేమను పీల్చుకొనును. నీరు మితి మీరినపుడు పెట్రోలు నుండి విడివడి ట్యాంకు అడుగునకు దిగును. పాత రబ్బరు గొట్టములును పాడగును. కావున ఆ మాటలో నిజము లేకపోలేదు గాని, ప్రతి మిస్సునకు అదే కారణమనుట సరికాదు. వారముల తరబడి నిలిపిన బండియైనచో కార్బొరేటరు గిన్నెలోని పెట్రోలును గాజు గ్లాసులోనికి వంపి చూడుడు. అడుగున వేరు పొర కనబడిన ట్యాంకును ఖాళీ చేయవలసినదే. నీరు లేక, ప్లగ్గు మాత్రము తెల్లబడుచుండిన కార్బొరేటరు సూదికి గల క్లిప్పును ఒక గాడి క్రిందికి దించిన సూది పైకి లేచి పెట్రోలు కొంచెము హెచ్చుగా వచ్చును.

అయితే అంతకు ముందు కార్బొరేటరునకును ఇంజనునకును నడుమ గల అతుకు చుట్టు చిక్కని గ్రీజు పూయుడు. నడక సమమైనచో గాలి దొంగతనముగా చొరబడుచున్నది ఆ సందుననే. ఒక్కొక్కసారి ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. నాలుగు ఒకేసారి మార్చిన ఏది గుణమిచ్చినదో తెలియదు.

ఇంతవరకు లోపము దొరకనిచో అదుము బలమును పరీక్షింపవలెను. పిస్టను అదుము చివర పైకి వచ్చినపుడు, ఇంజను చల్లగా నుండగా, టాపెట్ల పుల్లలు వ్రేళ్ళతో సులభముగా తిరుగవలెను గాని పైకి క్రిందికి ఆడరాదు. మరీ బిగుతైన వాల్వు మూసికొనదు. డికంప్రెసరు వాల్వు పూర్తిగా మూసికొనుచున్నదేమో చూడుడు. ఆపైన ప్లగ్గు రంధ్రములో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి, రెండు మూడుసార్లు కిక్కు త్రిప్పి, ప్లగ్గు బిగించి మరల కిక్కు మీద నిలబడి చూడుడు. కిక్కు మునుపటికన్న గట్టిగా నిలిచిన రింగులో సిలిండరో అరిగినవి. మార్పు లేనిచో వాల్వులు కారుచున్నవి; అప్పుడు వాల్వులను నూరించిన చాలును, రీబోరు చేయించినను ప్రయోజనము లేదు. రింగులు అరిగినవని తేలి, నీలిపొగయు వచ్చుచుండిననే సిలిండరు కొలిపించి రీబోరు మాట తలపెట్టవలెను.