సైకిల్‌ సరే... చొక్కా సంగతేంటి?

ఆఫీసుకి సైకిల్‌ మీద వెళ్లాలని చాలామందికి ఉంటుంది. పెట్రోలు ఖర్చు మిగులుతుంది, పొట్ట తగ్గుతుంది, ట్రాఫిక్‌లో హారన్లు వింటూ కూర్చోవాల్సిన పనీ ఉండదు. అయినా ఆ ఉత్సాహం తరచూ వారం దాటదు. కాళ్ల నొప్పులని, దూరమని పైకి చెప్పినా... చాలాసార్లు అడ్డుపడేది ఒంటిమీది చొక్కాయే!

పది కిలోమీటర్లు సైకిల్‌కి పెద్ద లెక్కేం కాదు. గంటకి 15 కిలోమీటర్ల చొప్పున తీరిగ్గా తొక్కినా 40 నిమిషాల్లో చేరిపోవచ్చు. చేరాకే ఉంది అసలు ఇబ్బంది. వీపంతా తడిసిన చొక్కా, నలిగిన ప్యాంటు, మడమ దగ్గర చైను గ్రీజు మరక... ఆ అవతారంతో వెళ్లి మీటింగులో కూర్చోవాలంటే ఎవరికైనా మొహమాటమే. పక్కవాళ్లు నోరు తెరిచి ఏమీ అనకపోవచ్చు. కుర్చీ కాస్త దూరం జరుపుకుంటే చాలు, మర్నాటి నుంచి సైకిల్‌ బాల్కనీకే పరిమితం!

మేస్త్రీకి తెలిసిన కిటుకు

ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించుకున్నవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. పొద్దున్నే ఏ కూలీల అడ్డా దగ్గరో చూస్తే తెలుస్తుంది. తాపీ మేస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని సైకిల్‌ మీద వస్తాడు. హ్యాండిల్‌కి ఓ పక్క టిఫిన్‌ క్యారియర్‌, మరోపక్క చేతిసంచి. సంచిలో సిమెంటు మరకల బట్టలుంటాయి. పని దగ్గరికెళ్లి వాటిలోకి మారతాడు. సాయంత్రం కాళ్లూ చేతులూ కడుక్కుని, మళ్లీ మంచి చొక్కాతో ఇంటిదారి పడతాడు. దారిలో నలుగురూ తనను చూడాలి కానీ తన ఒంటిమీది మరకల్ని కాదన్నది అతని పట్టింపు.

సెక్యూరిటీ గార్డుది ఇదే పద్ధతి, కాకపోతే తిరగేసి. మామూలు బట్టల్లో తొక్కుకుంటూ వచ్చి, సంచిలోని యూనిఫాం తొడుక్కుంటాడు. దారికో జత, పనికో జత... సూత్రం అంతే!

ఇలాంటివాళ్ల సంఖ్య తక్కువేం కాదు. 2011 జనాభా లెక్కల్లో వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్లని ‘పనికి ఎలా వెళ్తారు’ అని అడిగితే, సుమారు 13 శాతం మంది సైకిల్‌ మీదనే చెప్పారు. స్కూటర్లు, మోటారు సైకిళ్ల మీద వెళ్లేవాళ్లూ అప్పటికి దాదాపు అంతేమంది.

బరువు సైకిల్‌కే వదిలేయాలి

బట్టలు తీసుకెళ్లాలనగానే అందరికీ గుర్తొచ్చేది వీపుకి తగిలించుకునే బ్యాగే. కానీ వీపుకి బ్యాగు ఆనుకుని ఉంటే గాలి తగలదు, చెమట ఆరదు. ఆ తడి లోపలున్న ఇస్త్రీ చొక్కాకీ అంటుకోవచ్చు. అందుకే బరువును క్యారియర్‌ మీదికి మార్చాలి. పాలవాళ్లు సైకిల్‌కి రెండువైపులా క్యాన్లు వేలాడదీసినట్టే, క్యారియర్‌ పక్కన తగిలించే సంచులు దొరుకుతున్నాయి. వాటిని పానియర్లంటారు. అంత ఖర్చెందుకు అనుకుంటే దళసరి సంచిని పాత సైకిల్‌ ట్యూబుతో క్యారియర్‌కి బిగించి కట్టినా సరిపోతుంది. కొసలు మాత్రం చక్రంలోకి వేలాడకూడదు. వానాకాలమైతే బట్టల్ని ముందు ప్లాస్టిక్‌ కవర్లో పెట్టి, ఆ తర్వాతే సంచిలోకి.

సంచిలో బట్టలు వదులుగా అటూ ఇటూ కదిలితే ముడతలు ఎక్కువ పడతాయి. చొక్కా గుండీలన్నీ పెట్టి, బోర్లా పరిచి, సంచి వెడల్పుకి తగ్గ అట్టముక్క చుట్టూ మడవాలి... కొత్త చొక్కా ప్యాకెట్లో ఉన్నట్టు. దాన్ని పాత పేపర్లో గట్టిగా చుడితే కదలదు. ప్యాంటును పొడవునా మడిచి చాపలా చుట్టేయొచ్చు. బరువైనవన్నీ అడుగున, బట్టలు పైన ఉండాలి. టిఫిన్‌ బాక్సుకి మాత్రం రెండోవైపు సంచే మేలు. పప్పుచారు ఒలికిన చొక్కాని ఏ ఇస్త్రీ కాపాడలేదు మరి!

అన్నిటికన్నా తేలికైన దారి, రోజూ మోయకపోవడం. సోమవారం బస్సులోనో బండిమీదో వెళ్తూ వారానికి సరిపడా జతలు తీసుకెళ్లి ఆఫీసు అల్మారాలో పెట్టుకోవచ్చు. మాసినవి శుక్రవారం ఇంటికి తెచ్చుకుంటే సరి. ఆఫీసు వీధిలో ఇస్త్రీ బండి ఉంటే పని ఇంకా సులువు. బూట్లు, బెల్టు, దువ్వెన ఎలాగూ అక్కడే ఉంచేయొచ్చు.

ఆడవాళ్లకు ఇంకో జాగ్రత్త కూడా అవసరం. చున్నీ చక్రంలో చిక్కుకుంటే మెడకు బిగుసుకుపోయే ప్రమాదముంది. కాబట్టి సైకిల్‌ దిగేదాకా దాని చోటు సంచిలోనే. చీర కట్టుకోవాల్సిన ఉద్యోగమైతే చీర, జాకెట్టు, లంగా, పిన్నులు అన్నీ సర్దుకోవాలి. సర్దుకున్నా, తడినేల ఉన్న ఇరుకు టాయిలెట్‌లో కుచ్చిళ్లు పెట్టుకోవడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు.

చెమట లెక్క వేరు

అప్పుడే పట్టిన చెమటకి దాదాపు వాసన ఉండదు. చంకల్లాంటి చోట్ల ఊరే చెమటని చర్మం మీది బ్యాక్టీరియా విడగొట్టినప్పుడే వాసన మొదలవుతుంది. అందుకే ఇంటి దగ్గర స్నానం చేసి, ఉతికిన టీషర్టుతో బయల్దేరితే సగం గెలిచినట్టే. ఆఫీసులో స్నానానికి వీల్లేకపోయినా తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుంటే చాలావరకు సరిపోతుంది.

సైకిల్‌ దిగీదిగగానే చొక్కా మార్చడం మాత్రం పొరపాటు. తొక్కుతున్నంతసేపూ తగిలిన గాలి ఆగిపోతుంది. ఒంట్లో వేడి మాత్రం తగ్గదు. దాంతో చెమట ఇంకా పడుతూనే ఉంటుంది, ఇస్త్రీ చొక్కా కాస్తా తడిసిపోతుంది. చివరి కిలోమీటరు నెమ్మదిగా తొక్కి, 10-15 నిమిషాలు నీడలో కూర్చుని, నీళ్లు తాగి మార్చుకుంటే ఆ బాధ ఉండదు.

నెదర్లాండ్స్‌, డెన్మార్క్‌లలో సూటూబూటూ వేసుకునే సైకిల్‌ తొక్కుతారు కదా అనొచ్చు. అక్కడ నేల చదును, గాలి చల్లన. మే నెలలో బెజవాడ ఎండకీ, జూబ్లీహిల్స్‌ ఎత్తులకీ ఆ సూట్లు ఆగవు. మన ఎండకి మన మేస్త్రీ పద్ధతే సరి.

ట్రాక్‌ దాటాక...

హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌రోడ్డు పక్కన నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపు 23 కిలోమీటర్ల సైకిల్‌ ట్రాక్‌ 2023లో మొదలైంది. ఎండ తగలకుండా పైన సౌర ఫలకాల కప్పు కూడా వేశారు. దారిలో నీడ దొరికింది, బాగుంది. మరి ఆఫీసు గేటు దాటాక? సైకిల్‌ పెట్టుకోవడానికి చోటిచ్చినా, బట్టలు మార్చుకోవడానికి గది లేకపోతే ఏం లాభం?

ఇది కొత్త కోరికేం కాదు. పని చేసేటప్పుడు వేసుకోని బట్టలు పెట్టుకోవడానికీ, తడిసినవి ఆరబెట్టుకోవడానికీ తగిన చోటు ఉండేలా రాష్ట్ర ప్రభుత్వాలు నిబంధనలు చేయొచ్చని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 43వ సెక్షన్‌ చెప్పింది. దాని స్థానంలో, 2020లో పార్లమెంటు ఆమోదించగా 2025 నవంబరులో అమల్లోకొచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ స్నానపు గదులు, లాకర్లు, బట్టలు ఆరబెట్టుకునే చోటు గురించి ఉంది.

అద్దాల మేడలు కట్టే సంస్థలకి ఓ కొళాయి, నాలుగు కొక్కేలు, గడియ పడే తలుపు ఉన్న గది పెద్ద ఖర్చు కాదు. ఆడవాళ్లకో గది, మగవాళ్లకో గది ఉంటే సైకిల్‌ తొక్కాలనుకునే ఉద్యోగులకు సగం బెంగ తీరుతుంది. అయితే ఆ తాళంచెవి మేనేజర్ల దగ్గరే ఉండిపోకూడదు. ఏ జనరేటర్‌ గది చాటునో యూనిఫాం మార్చుకునే గార్డుకీ, పొద్దున్నే వచ్చి నేల తుడిచే ఆయమ్మకీ అది అందాలి. ఎందుకంటే, సంచిలో బట్టలు పెట్టుకుని ముందుగా వచ్చింది వాళ్లే!