అడవి వెల, అడవి విలువ

అనుమసముద్రంపేట నుండి ఉదయగిరి వైపు సాగినచో వెలిగొండలు కనబడును. అచటి తేనెకు, ఉసిరికాయకు అంగడిలో ధర కలదు. కాని చెట్టునీడకు, సెలయూటకు, పక్షికూతకు ధర యేది? అడవిలో కాలువయో గనియో త్రవ్వదలచిన వారు రాబోవు లాభమును అంకెలలో వ్రాయుదురు. అడవికెదురుగా సున్న వ్రాసినచో త్రాసు ఒక ప్రక్కకే మొగ్గును. అందుచే అర్థశాస్త్రజ్ఞులు అడవి విలువను లెక్కించు మార్గములను వెదకిరి.

మొదటిది ప్రయాణవ్యయ పద్ధతి. దీనిని 1947లో అమెరికాలో హోటలింగ్ అను పండితుడు సూచించెను. ఉదయగిరి దుర్గమును చూడవచ్చువారు ఎంత దూరమునుండి, ఎంత ఖర్చుతో వచ్చిరో విచారించినచో, ఆ కొండ వారికెంత విలువైనదో కొంత తెలియును.

కాని కలివికోడి మాటయేమి? 1848లో జెర్డాన్ అను వైద్యుడు లోకమునకు తెలిపిన ఈ పక్షి 1900 తరువాత కనబడక, 1986లో కడప జిల్లాలో మరల కనబడెను. ముళ్ళపొదలలో రాత్రివేళ తిరుగు దానిని చూడ ప్రయాణమై వచ్చువారు అరుదు. అయినను అది బ్రతికియుండవలెనని కోరువారు అనేకులు. ఆ కోరికను కొలుచుటకు ప్రజలనే అడుగవలెను. ఇది రెండవ పద్ధతి. 1963లో డేవిస్ అను పరిశోధకుడు అమెరికాలోని మెయిన్ అడవులకు వచ్చువారిని ఇట్లే ప్రశ్నించెను.

1989లో అలాస్కా తీరమున ఓడనుండి నూనె ఒలికి అసంఖ్యాకములైన పక్షులు చచ్చెను. పిమ్మట పరిశోధకులు దేశమంతట 1,043 మందిని కలిసి, ఇట్టి కీడు మరల కలుగకుండుటకు ఒక్కసారి పన్ను చెల్లింతురా యని యడిగిరి. దానినిబట్టి దేశప్రజల నష్టమును సుమారు 280 కోట్ల డాలర్లుగా అంచనా వేసిరి. 'నోటిమాటకు ఖర్చేమి?' యని కొందరు ఆక్షేపించిరి. 1993లో ఆరో, సోలో మొదలగు పండితుల సంఘము కొన్ని నియమములు చెప్పెను: ముఖాముఖిగా అడుగవలెను, ఇచ్చు సొమ్ము ఇతర అవసరములకు మిగులదని గుర్తు చేయవలెను, ఓటు వలె 'ఔను, కాదు' అని చెప్పించవలెను.

ఇంకొక చిక్కు కలదు. 'అడవిని కాపాడుట కెంత యిత్తువు?' అని అడిగినచో మేకలకాపరి పది రూపాయలనవచ్చును. 'దానిని పోగొట్టుకొనుట కెంత పుచ్చుకొందువు?' అన్నచో తల అడ్డముగా నూపవచ్చును. మొదటి జవాబు అతని పేదరికమును గూడ కొలిచినది. కనుక అంకెను చూచువారు ఎవరిని, ఏమని అడిగిరో ముందుగా తెలిసికొనవలెను. వెల చిన్నదైనంతమాత్రమున విలువ చిన్నది కాదు.