అడిగిన మాటే బోర్డు మీద!

ధర్మవరంలో చీరల అంగడి ముందు ఎప్పుడైనా నిలబడి చూశారా? అరుగు మీద కుర్రాడు అందర్నీ ఒకే మాటతో పిలవడు. పెళ్ళివారు కనిపిస్తే “ముహూర్తం చీరలున్నాయి, రండమ్మా” అంటాడు. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి కనిపిస్తే “పట్టు పావడాలు చూడండక్కా” అంటాడు. మన మనసులో ఉన్న మాటే వినబడితే కాలు దానంతటదే ఆగుతుంది కదూ!

గూగుల్‌లో డబ్బు కట్టి వేసుకునే ప్రకటనల్లోనూ సరిగ్గా ఇలాంటి కిటుకే ఒకటుంది. దాన్ని ‘డైనమిక్ కీవర్డ్’ అంటారు. ఇంట్లో మగ్గం ఉండి నాలుగు చీరలు నేరుగా అమ్ముకుందామనుకునే ధర్మవరం అక్కయ్యకైనా, పెనుకొండలో ఇంటి భోజనం క్యారియర్లు కట్టే వదినకైనా, హిందూపురంలో ఓళిగలు చేసి అమ్మే పిన్నిగారికైనా ఇది పనికొస్తుంది. తెలిసి వాడితే లాభం, తెలియక వాడితే చేతి చమురు వదలడం ఖాయం!

క్లిక్కుల లెక్క

ఈ ప్రకటనల పద్ధతిని గూగుల్ 2000లో ‘ఆడ్‌వర్డ్స్’ పేరుతో మొదలుపెట్టింది. 2018లో పేరు ‘గూగుల్ ఆడ్స్’ అయింది. తెలుగులో ప్రకటనలు వేసుకునే వీలు కూడా ఆ ఏడాదే వచ్చింది.

లెక్క సులువు. మీ ప్రకటన 1000 సార్లు కనిపించి, 20 మంది నొక్కారనుకోండి. అప్పుడు క్లిక్ రేటు 2 శాతం. మామూలుగా కనిపించినందుకు డబ్బు పోదు, నొక్కినందుకే పోతుంది. ప్రకటన అడిగినదానికి ఎంత పొంతనగా ఉందో గూగుల్ చూస్తుంది. పొంతన బాగుంటే తక్కువ ఖర్చుకే పైచోటు దొరికే అవకాశం ఉంది. అందుకే ఈ రేటు పెంచుకోవాలని అందరికీ ఆశ.

కిటుకు ఎలా పనిచేస్తుంది?

ముందుగా మనం కొన్ని మాటలు ఎంచుకుని ఖాతాలో పెట్టుకుంటాం: ‘పట్టు పావడాలు’, ‘పెళ్ళి పట్టు చీరలు’, ‘ధర్మవరం పట్టు చీరలు’. ఇవే కీవర్డ్‌లు. తర్వాత శీర్షిక రాసేచోట వంకర బ్రాకెట్ టైపు చేస్తే, ‘కీవర్డ్ ఇన్సర్షన్’ అనే ఎంపిక వస్తుంది. దాన్ని ఎంచుకుంటే శీర్షికలో ఒక ఖాళీ పీట వేసినట్టే. ఎవరు ఏది వెతికితే, దానికి సరిపోయిన మన కీవర్డ్ వచ్చి ఆ పీట మీద కూర్చుంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడతారు. వెతికినవాళ్ళు కొట్టిన మాట యథాతథంగా రాదు. మన జాబితాలోని మాటే వస్తుంది. కాబట్టి జాబితాలో తప్పు రాస్తే, ఆ తప్పే ఊరంతా చూస్తుంది!

శీర్షికకు 30 అక్షరాలే హద్దు. తెలుగులో గుణింతాలు, వత్తులు కూడా లెక్కకొస్తాయి. ‘పెళ్ళికి ధర్మవరం పట్టు చీరలు’ అంటే మధ్య ఖాళీలతో కలిపి 28. కీవర్డ్ పట్టకపోతే, మనం ముందే రాసి పెట్టిన బదులు మాట కనిపిస్తుంది. ఆ బదులు మాట ‘పట్టు చీరలు’ అని పొట్టిగా, అన్నిటికీ నప్పేలా ఉండాలి.

తెలుగుతో తంటా

“మా దగ్గర ... కొనండి” అని శీర్షిక రాశారనుకోండి. జాబితాలో ‘పట్టు చీర ధర’ అనే మాట ఉంటే ఏమవుతుంది? “మా దగ్గర పట్టు చీర ధర కొనండి!” నవ్వులపాలే కదా. అందుకని వస్తువుల పేర్లు ఒక గుంపు, ధరలు అడిగే మాటలు ఇంకో గుంపు చేసుకోవాలి. చీరల గుంపులో ఓళిగలు కలపకూడదు. పోపుల పెట్టెలో ఆవాలు, మెంతులు వేరు గిన్నెల్లో పెట్టుకోమా? ఇదీ అంతే.

పేరు దగ్గర జాగ్రత్త!

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఎక్కువమంది వెతుకుతారని ‘కంచి పట్టు’ అనే మాటను కూడా జాబితాలో వేశారనుకోండి. కంచి చీర వెతికిన ఆవిడకు మీ ధర్మవరం చీర మీద ‘కంచి పట్టు’ అన్న శీర్షిక కనిపిస్తుంది. మీరు అబద్ధం ఆడలేదు, యంత్రం ఆడింది. కానీ మాట పడేది మీరే! ధర్మవరం చేనేత పట్టుకూ, కంచి పట్టుకూ వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం లేని పేరు తగిలించి అమ్మడం శిక్షార్హం.

‘చేనేత’ అనే మాటా అంతే. మరమగ్గం చీర మీద ఆ మాట వచ్చి కూర్చుంటే, నష్టపోయేది మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పడుగూ పేకా కలిపే మన ఇంటి మనిషే. నాలుగు క్లిక్కుల కోసం ఊరి పేరు పోగొట్టుకోకూడదు.

ఇవి గుర్తుంచుకోండి

* రోజుకింత అని హద్దు పెట్టుకోండి. పాలవాడి లెక్కలాగా ఖర్చు రాసుకోండి.

* ‘అద్దెకు’, ‘ఉచితం’, ‘ఉద్యోగాలు’ లాంటి మాటలను వద్దనే జాబితాలో చేర్చండి.

* జనం ఏమేం వెతికి మీ దగ్గరకొచ్చారో ఖాతాలో కనిపిస్తుంది. వారానికోసారి చూడండి.

* నొక్కగానే వచ్చే పేజీలో ఆ వస్తువే ఉండాలి. పావడా అని పిలిచి చీర చూపిస్తే ఎవరైనా వెనక్కి పోతారు.

* ఒకే సరుక్కి మామూలు శీర్షిక ఒకటి, ఈ కిటుకుతో ఒకటి వేసి కొన్నాళ్ళు పోల్చి చూడండి.

చివరగా ఒక లెక్క. 1000 సార్లకు 20 క్లిక్కులు వచ్చేచోట 45 వచ్చాయి. క్లిక్కుకు 4 రూపాయలనుకుంటే ఖర్చు 80 నుంచి 180 అయింది. చీర ఒక్కటీ అమ్ముడుపోకపోతే? రేటు పెరిగింది, చిల్లర డబ్బా ఖాళీ అయింది! అందుకని క్లిక్కులు కాదు, ఆర్డర్లు లెక్కపెట్టండి. అంగడి కుర్రాడు ఎంత తియ్యగా పిలిచినా, లోపల మడత విప్పాక చీరే మాట్లాడాలి కదమ్మా!