మంచితనం, సామరస్యం: ఉయ్యాలవాడ నుంచి చూస్తే

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల పల్లెల్లో సామరస్యానికి వాడుకలో ఉన్న మాట 'రాజీ'. రెండు పార్టీల పెద్దలు కూచుంటారు. కేసులు కొట్టేయించుకుందామని ఒప్పుకుంటారు. పోయిన ప్రాణాలు ఎక్కువగా వాళ్ల వెంట తిరిగిన బీదరైతులవీ, కూలీలవీ. ఆ ఇళ్లల్లోని ఆడవాళ్లను రాజీకి ఎవరూ పిలవరు. అందుచేత కన్ఫ్యూషియస్ బోధించిన సామరస్యం ఈనాడు మళ్లీ అవసరమని ఎవరైనా అన్నప్పుడు ఈ సీమ రచయితకు ముందు అనుమానమే కలగాలి. అయితే అనుమానం దగ్గరే ఆగిపోవడం విమర్శ కాదు.

కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551-479) లూ రాజ్యంవాడు. చౌ వంశపు పాత కట్టుబాట్లు కూలిపోతూ, సామంతులు ఒకరినొకరు మింగుతున్న కాలం అది. ఆయన ఆలోచనకు కేంద్రం 'రెన్', అంటే మంచితనం. ఆ మాటను చీనా లిపిలో రాసేటప్పుడు 'మనిషి' గుర్తు పక్కన 'రెండు' గుర్తు వేస్తారు. మంచితనం ఒంటరి తపస్సు కాదు, మనిషికీ మనిషికీ మధ్య ఉండేదన్నమాట. 'లి' అంటే మర్యాద, ఆచారం. 'హె' అంటే సామరస్యం. దీన్ని ఆయన ఏకరూపత నుంచి స్పష్టంగా వేరు చేశాడు. ఆ కాలపు మంత్రి యెన్ యింగ్ చెప్పినట్టుగా ప్రాచీన గ్రంథంలో ఉన్న వివరణ ఇంకా బాగుంటుంది: సామరస్యం పులుసు వంటిది, ఉప్పూ పులుపూ వేరువేరు గనకనే రుచి, నీళ్లకు నీళ్లు కలిపితే ఎవరు తింటారు? రాజు ఔనన్నదానిలో కాదనవలసింది ఎత్తిచూపడమే మంత్రి పని. మన రాజీలో ఈ పులుపు లేదు.

కాని ఈ ధర్మానికి పునాది హెచ్చుతగ్గులే. పాలకుడు-పాలితుడు, తండ్రి-కొడుకు, భర్త-భార్య. మంచితనం పైనుంచి కిందికి దిగాలి, విధేయత కిందనుంచి పైకి పోవాలి. ఈ పద్ధతి బలమూ బలహీనతా తెలియాలంటే ఉయ్యాలవాడ చూడాలి.

ఆ ఊరి బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో తన ఆస్తి ఖర్చుపెట్టి వేలమందికి అన్నం, గంజి పోయించాడు. విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం వచ్చింది. కన్ఫ్యూషియస్ ఉత్తమ పురుషుడికి ఇంతకంటే దగ్గరి మనిషిని మన ప్రాంతంలో చూపడం కష్టం. అదే ఊరి పేరుతో ప్రసిద్ధుడైన నరసింహారెడ్డి, తన తాతగారి తవర్జీని కంపెనీ నిలిపేసిన తర్వాత, 1846లో తిరగబడ్డాడు. ఆయనా పాళెగాడే, పేదరైతు కాదు. అయినా మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడివాళ్లు ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. తలను 1877 దాకా కోట గోడమీద ఉంచారని చెబుతారు. అంటే వెంగళరెడ్డి గంజి పోయిస్తున్న నాటికి ఆ తల అక్కడే ఉంది. ఒక పతకం, ఒక ఉరికొయ్య: రెండూ ఒకే ప్రభుత్వం ఇచ్చినవి. దానం చేసినవాణ్ణి అది మెచ్చుకుంది, ఎందుకంటే కరువు ఎందుకొచ్చిందని ఆయన అడగలేదు. వెంగళరెడ్డి గొప్పతనాన్ని తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. ఆకలిగొన్నవాడికి ఆ పూట గంజే సత్యం.

పదేళ్లకే ధాతకరువు వచ్చింది. వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం లెక్కకు కుదించాడు. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగోవంతు జనాన్ని కోల్పోయింది. ఇంతటి చావుకు ఒక దాత మంచితనం చాలదు. విచిత్రమేమంటే, ఈ విషయం కన్ఫ్యూషియస్ సంప్రదాయంలోనే మెన్షియస్ గ్రహించాడు. కరువు చావులకు కాలాన్ని నిందించే రాజును ఆయన హంతకుడితో పోల్చాడు; దుష్టపాలకుణ్ణి తొలగించడం రాజద్రోహం కాదన్నాడు. ఆ సంప్రదాయంలో మనం తీసుకోవలసింది ఏదైనా ఉంటే ముందు ఇది.

చీనా పాలకులు ఎక్కువగా తీసుకున్నది మాత్రం విధేయతనే. అందుకే లూసున్ 1918లో 'పిచ్చివాడి డైరీ'లో ఆ ధర్మసూక్తుల వరసల మధ్య నరభక్షణను చదివాడు. 2004 నుంచి హు జింటావ్ ప్రభుత్వం 'సామరస్య సమాజం' నినాదం ఎత్తుకుంది. కొద్దికాలానికే అక్కడి యువకులు నిషేధానికి గురైన రాతను 'సామరస్యం చేశారు' అని ఎగతాళిగా చెప్పుకోసాగారు.

ఆ మాట వినగానే మన రాజీ పంచాయతీ గుర్తుకు రాక మానదు. కేసు కొట్టేశాక ఇంటికొచ్చిన మగవాళ్లతో ఆ ఇళ్ల ఆడవాళ్లు ఏమన్నారో మన కథల్లోకి వచ్చింది తక్కువే.